పికప్పూ ప్రీమియమూ

మామయ్య మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డులో ఏ బండి ఏ దెబ్బతో పడి ఉందో షెడ్డు యజమాని కన్నా ఆయనకే బాగా తెలుసు. మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇన్నాళ్లూ తండ్రి పాత కారు నడిపి, ఇప్పుడు సొంత డబ్బుతో మొదటి బండి కొనబోతోంది. ఆమె మనసు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ మీద ఉంది. ఆయన కొనమంటున్నది మారుతి డిజైర్. నేను పక్కింటివాణ్ని. పెద్దమనిషిగా ఉంటానని కూర్చున్నాను కానీ చివరిదాకా తటస్థంగా ఉండలేకపోయాను.

మామయ్య: ముందు ఇది చెప్పు తల్లీ. నూటపదిహేను గుర్రాల బండి కొనేది పొద్దున్నే మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా రెండో గేరులో పాకడానికా? మైలేజీ సంగతి కనుక్కున్నావా అసలు?

అమ్మాయి: కనుక్కోకుండా ఉంటానా మామయ్యా? 2022లో బండి వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం ఒక లీటరు టర్బో ఇంజిన్, మాన్యువల్ గేర్లు అయితే లీటరుకి 19.40. మీ కొత్త డిజైర్ మాన్యువల్‌కి 24.79. తేడా అయిదు చిల్లర.

మామయ్య: ఆ అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో తెలుసా? బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ కట్టేసి, గంటకి 90 కిలోమీటర్లు దాటకుండా, ముందే రాసిపెట్టిన పద్ధతిలో నడుపుతారు. మే నెలలో ఏసీ లేకుండా నువ్వు హైదరాబాద్‌లో బండి తీస్తావా?

అమ్మాయి: ఆ పరీక్ష రెండు బండ్లకీ ఒకటే కదా? అబద్ధమైతే ఇద్దరికీ అబద్ధమే.

మామయ్య: పరీక్ష ఒకటే, దాన్ని దాటే తీరు వేరు. టర్బో గుట్టంతా అక్కడే ఉంది. పరీక్షలో యాక్సిలరేటర్ సుతారంగా నొక్కుతారు. టర్బోకి పెద్దగా పనుండదు. ఇంజిన్ చిన్నది కాబట్టి తక్కువ తాగుతుంది, కాగితం మీద మంచి అంకె పడుతుంది. నువ్వు ఓఆర్ఆర్ ఎక్కి లారీని దాటడానికి కాలు దించావనుకో, టర్బో సిలిండర్లోకి గాలిని ఒత్తి పంపుతుంది. గాలి పెరిగిన కొద్దీ పెట్రోలూ పెంచి పోయాలి. ఒక లీటరు ఇంజిన్ ఒకటిన్నర లీటరు ఇంజిన్‌లా లాగుతుంది, అలాగే తాగుతుంది కూడా. డిజైర్‌కి టర్బో లేదు. అందులో మోసపోయేంత తేడా రాదు.

అమ్మాయి: అంటే తాగేది బండి కాదు, నా కాలు.

మామయ్య: పికప్ కోసమే బండి కొన్నవాళ్ల కాలు ఊరుకుంటుందా?

అమ్మాయి: సరే, కంపెనీ అంకెలు పక్కన పెడదాం. మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇదే బండి ఉంది. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి లెక్క తీసింది. సిటీలో పది, పదకొండు. విజయవాడ హైవే మీద పదహారు. కలిపి పన్నెండు అనుకుందాం. డిజైర్ కలిపి పదహారు ఇస్తుందని మీరే అన్నారు. నేను ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాను. వర్టస్‌కి వెయ్యి లీటర్లు, డిజైర్‌కి 750. తేడా 250 లీటర్లు. లీటరు 107 వేసుకుంటే 26,750 రూపాయలు. నెలకి రెండువేల రెండొందల చిల్లర. మా ఫ్లోర్‌లో సగంమంది ఫుడ్ డెలివరీకి ఇంతకన్నా ఎక్కువే తగలేస్తారు. నాకు డ్రైవింగ్ ఇష్టం. ఆ ఇష్టానికి నెలకి రెండువేలు ఎక్కువంటారా?

మామయ్య: అయిదేళ్లకి లక్షా ముప్పైమూడు వేలు.

అమ్మాయి: ఏ ఖర్చునైనా అయిదేళ్లతో హెచ్చవేస్తే భయంగానే ఉంటుంది. మీ కాఫీ ఖర్చు హెచ్చవేయమంటారా?

మామయ్య: ఇంకో లెక్క ఉంది. మీ ఓఆర్ఆర్ మీద 2023లో వేగపరిమితి 120కి పెంచారు కదా. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 120కి వెళ్తే దాదాపు 78 శాతం ఎక్కువ. డిజైర్‌లో 120కి వెళ్తే ఇంజిన్ అరుపు వినబడుతుంది, నీకే తగ్గించాలనిపిస్తుంది. నీ బండిలో 120 అంటే 80లా ఉంటుంది. తెలియకుండానే పోతావు, తెలియకుండానే తాగిస్తావు.

(ఈ మాట నాకు నచ్చింది. మైలేజీ గురించి మాట్లాడేవాళ్లంతా ఇంజిన్ గురించే చెప్తారు. బండి లోపలి నిశ్శబ్దం కూడా పెట్రోలు తాగిస్తుందని ఎవరూ అనరు.)

అమ్మాయి: ఒప్పుకుంటాను. కానీ పెద్ద ఇంజిన్ ఎక్కువ తాగుతుందన్న మీ నమ్మకం మాత్రం తప్పు. అదే వర్టస్‌లో ఒకటిన్నర లీటరు జీటీ ఉంది. 150 పీఎస్. దాని ఆటోమేటిక్‌కి కంపెనీ చెప్పిన మైలేజీ 18.67. ఒక లీటరు బండి ఆటోమేటిక్‌కి 18.12. పెద్దదే ఎక్కువిచ్చింది! బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు కట్టేస్తుంది. గేర్‌బాక్సు కూడా వేరు.

మామయ్య: బరువు లేనప్పుడు అన్నావు చూడు, అదీ విషయం. సూర్యాపేట దాటాక కాలు కదపకుండా తొంభైలో పోతే రెండు సిలిండర్లు మూసుకుంటాయి. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఏం మూసుకుంటాయి? నీ సహనం తప్ప.

పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపితే మైలేజీ పడిపోతుందన్న మాట కూడా వచ్చింది కానీ ఎంతోసేపు నిలవలేదు. నీతి ఆయోగ్ 2021లో వేసిన ప్రణాళికలోనే, పది శాతానికి తయారై ఇరవై శాతానికి సర్దిన కార్లకి ఒకటి రెండు శాతం, అసలు ఇథనాల్ కోసం కాని పాత కార్లకి ఆరేడు శాతం తగ్గుతుందని రాశారు. కొత్త బండ్లు రెండూ ఒకే గట్టున ఉన్నాయి కాబట్టి ఆ వాదం ఎవరికీ పనికిరాలేదు. ఇన్సూరెన్స్ దగ్గరకొచ్చేసరికి మామయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. అది ఆయన ఇలాకా. మొదటి దెబ్బ మాత్రం అమ్మాయే వేసింది.

అమ్మాయి: మామయ్యా, స్పోర్టీ బండికి ఇన్సూరెన్స్ వాచిపోతుందని మీరు అమ్మతో చెప్పారట. డిజైర్ ఇంజిన్ ఎంత?

మామయ్య: 1197 సీసీ.

అమ్మాయి: వర్టస్ ఒక లీటరుది 999. ఇప్పుడు థర్డ్ పార్టీ రేట్లు చెప్పండి.

మామయ్య: (నవ్వి) నన్నే పరీక్ష పెడుతున్నావా? 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు 2,094. వెయ్యి దాటి పదిహేనొందల దాకా 3,416. ఆ పైన 7,897.

అమ్మాయి: కొత్త బండికి మూడేళ్లది ఒకేసారి కట్టాలి కదా?

మామయ్య: సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబరు నుంచి అంతే. 6,521, 10,640, 24,596.

అమ్మాయి: అంటే 115 పీఎస్ బండికి 6,521 కట్టి, మీ నెమ్మది డిజైర్‌కి 10,640 కట్టాలి. మీరు కొనమన్న బండికే 4,119 ఎక్కువ. జీటీ 1498 సీసీ. అది కూడా డిజైర్ గట్టునే ఉంది. 150 పీఎస్‌కీ మీ సంసారపక్షం బండికీ ఒకటే రేటు!

(ఇక్కడ నేను నవ్వాను, మామయ్య కూడా నవ్వారు. టర్బోలు అరుదుగా ఉన్న రోజుల్లో సీసీని బట్టి బలాన్ని అంచనా కట్టడంలో అర్థముంది. ఇప్పుడా గీతలు ఇంజిన్ తయారుచేసేవాళ్లకి దారిచూపే బోర్డులుగా మిగిలాయి. 999, 998, 1498 అనే అంకెలు ఊరికే పడవు.)

మామయ్య: బాగా కొట్టావు. కానీ నువ్వు గెలిచింది చిల్లర దగ్గర. థర్డ్ పార్టీ అంటే నీ వల్ల పక్కవాడికి జరిగిన నష్టం. మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పరిమితి లేదు. ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా. ఆ 2,094లో ఇదంతా ఉంది. నీ బండికి తగిలే దెబ్బ ఓడీ, అంటే ఓన్ డ్యామేజ్ కిందకి వస్తుంది. అక్కడ సీసీతో పాటు ఐడీవీ చూస్తారు. అంటే నీ బండికి ఇవాళ కట్టిన విలువ. పాత టారిఫ్ ప్రకారం హైదరాబాద్ లాంటి నగరాలుండే 'ఎ' జోన్‌లో, అయిదేళ్ల లోపు బండికి, వెయ్యి సీసీ లోపయితే ఐడీవీ మీద 3.127 శాతం, పదిహేనొందల లోపయితే 3.283. 2007 జనవరి నుంచి కంపెనీలకి స్వేచ్ఛ ఇచ్చారు, డిస్కౌంట్లు ఎవరి ఇష్టం వాళ్లది. అయినా మూలం అదే. నీ వర్టస్ ఐడీవీ 14 లక్షలనుకో, 43,778. డిజైర్ 9 లక్షలనుకో, 29,547. తేడా 14,231. నీ 4,119 ఎక్కడికి పోయింది?

అమ్మాయి: డిస్కౌంట్ పోగా తేడా సగం కూడా ఉండదు. ఏడాదికేడాది ఐడీవీ పడిపోతుంది. పైగా తేడా వచ్చింది బండి ఖరీదైనందుకు, స్పోర్టీ అయినందుకు కాదు. అదే 14 లక్షలు పెట్టి నిద్రమొహం ఎస్‌యూవీ కొన్నా అంతే పడుతుంది.

మామయ్య: అది నిజమే.

అమ్మాయి: ఒప్పుకున్నారు కదా! ఇంకో మాట. పెదనాన్నగారి అబ్బాయి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాడు. ఇరవైమూడేళ్లు. మస్టాంగ్ కొంటానని మూడు నెలలు ఊగాడు. ఇన్సూరెన్స్ కొటేషన్ చూసి క్యామ్రీ కొన్నాడు. అక్కడ వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయింది, ఎన్ని టికెట్లు, ఆఖరికి టెక్సస్‌లో క్రెడిట్ స్కోరు కూడా చూస్తారు. కుర్రాడు, కొత్త లైసెన్సు, మస్టాంగ్ మూడూ కలిస్తే అయిపోయాడన్నమాటే. మీరు స్పోర్టీ కారుకి ఇన్సూరెన్స్ మోత అంటున్నది అక్కడి సంగతి. ఇక్కడ నా వయసు ఎవరూ అడగలేదు.

మామయ్య: అడగకపోవడమే తప్పంటాను. ఇక్కడ ప్రీమియం ఇనుమును లెక్కపెడుతుంది, కాలిని కాదు. ముప్పై ఏళ్లు ఒక్క గీత పడకుండా నడిపిన మీ నాన్నా, నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకుని ఫ్లైఓవర్ మీద పందేలు వేసే కుర్రాడూ ఒకే బండి కొంటే, నో క్లెయిమ్ బోనస్ తప్పిస్తే, ఒకే ఓడీ కడతారు. ఆ కుర్రాడి బంపరుకి డబ్బు ఎవరిస్తున్నారు? మీ నాన్న.

అమ్మాయి: అయితే కాలిని లెక్కపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. నడిపే తీరును బట్టి ప్రీమియం వేసే యాడ్-ఆన్‌కి 2022లోనే ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతిచ్చింది. బండిలో పరికరం పెట్టుకోమంటే పెట్టుకుంటాను. నేను ఒళ్లు తెలిసి నడుపుతానని రుజువు చేసుకునే అవకాశం ఇవ్వండి. స్పోర్టీ బండి కొన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం. ఆడపిల్ల స్పోర్టీ బండి కొంటుంటే ఇంకా రెండు మాటలు ఎక్కువ.

మామయ్య: ఆ మాట నేనన్నానా?

అమ్మాయి: మీరనలేదు. అమ్మ అంది.

మామయ్య: సరే, మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఇప్పుడు ప్రీమియం వదిలెయ్. ఇన్సూరెన్స్‌లో ప్రీమియం అసలు సంగతే కాదు. క్లెయిమ్ రోజున కంపెనీ ఇవ్వనిది అసలు సంగతి. ఇలా రా.

ఆయన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. నల్లటి టైరు పక్కగోడ మీద బొటనవేలంత ఉబ్బు. రిమ్ముకి ఒకచోట చిన్న నొక్కు, దాని పక్కన ఆయన స్కేలు పెట్టిన గుర్తు. టైరు అంచున 195/55 ఆర్16 అని స్పష్టంగా కనిపిస్తోంది.

మామయ్య: ఇది చదువు. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు. అంటే 107 మిల్లీమీటర్లు. డిజైర్‌ది 185/65, 15 అంగుళాల రిమ్ము. దాని పక్కగోడ 120. గుంటలో పడితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండే రబ్బరు అంతే. ఈ బండాయన గుంటలో దించాడు, లోపలి తీగలు తెగాయి, గాలి బయటికి తోసింది. బండికి ఇంకెక్కడా గీత లేదు. ఆయన క్లెయిమ్ వేశాడు. నేనేం రాయాలి? బండికి కూడా అదే సమయంలో దెబ్బ తగిలితే తప్ప మామూలు పాలసీ టైరుకి డబ్బివ్వదు. తగిలినా టైరు ఖర్చులో సగమే. టైరు ఖర్చంతా ఆయన జేబులోంచే.

అమ్మాయి: వర్టస్‌ది 205/55. అంటే నూటపదమూడు. డిజైర్‌కన్నా తక్కువ ఏడు మిల్లీమీటర్లే. ఇంకో అంకె కూడా వినండి. నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ డిజైర్‌కి 163 మిల్లీమీటర్లు, వర్టస్‌కి 179. మన దేశంలో స్పోర్టీ అంటే నేలకి అంటుకుపోయే బండి కాదు మామయ్యా. స్పీడ్ బ్రేకర్లు చూసి వాళ్లే లేపి పంపారు.

(179 అంకె ఆయనకి తెలియదని మొహమే చెప్పింది. ఫోన్లో వెతికి చూసుకుని తల ఊపారు.)

మామయ్య: నువ్వు చదివే వచ్చావు. అయితే నీళ్ల సంగతి విను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను చూసిన బండ్లు ఎన్నో. వరద వచ్చి మునిగితే పాలసీ ఇస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండికి కీ తిప్పి స్టార్ట్ చేశావనుకో. సిలిండర్లోకి పోయిన నీరు నొక్కితే నలగదు. పిస్టన్ పైకి వస్తుంది, నీరు కదలదు, మధ్యలో కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అది వరద చేసిన నష్టం కాదు, నువ్వు కీ తిప్పి చేసుకున్న నష్టం అంటుంది కంపెనీ. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటేనే డబ్బు. మామూలు ఇంజిన్ విప్పడం ఒకటి, టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ విప్పడం ఒకటి. ఎస్టిమేటు చూస్తే తెలుస్తుంది.

అమ్మాయి: అది మంచి మాట. ఆ యాడ్-ఆన్ తీసుకుంటాను. బంపర్ టు బంపర్ ఎలాగూ తీసుకుంటాను.

మామయ్య: ఎందుకు తీసుకోవాలో తెలిసి తీసుకో. లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు విడిభాగాలకి సగమే ఇస్తారు. బండి నిన్న కొన్నదైనా సరే. అద్దాలకి కోత లేదు. ఇనుప భాగాలకి మొదటి ఆరు నెలలు కోత లేదు, తర్వాత ఏడాదికేడాది పెరుగుతుంది. ఈ స్పోర్టీ వేరియంట్లకి అందం కోసం తగిలించేదంతా ప్లాస్టికే. ముందు బంపరు కింద పెదవి, పక్కన స్కర్టులు, వెనక డిఫ్యూజర్, స్పాయిలర్. ఎర్ర గీత ఉన్న ప్రతి ముక్కా మామూలు ముక్కకన్నా ఖరీదు. అందులోనూ మొదట తగిలేవి అవే.

అమ్మాయి: చిన్న చిన్న గీతలకి క్లెయిమే వేయను.

మామయ్య: అదొక్కటి నేర్చుకుంటే చాలు, నాకు పని తగ్గినా ఫర్వాలేదు. నీకు రెండేళ్లు క్లెయిమ్ లేకుండా గడిచి 25 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చిందనుకో. మూడో ఏడు తొమ్మిది వేల బంపరుకి క్లెయిమ్ వేశావు. వేయకపోతే తర్వాత మూడు రెన్యువళ్లలో 35, 45, 50 శాతం వచ్చేది. వేశావు కాబట్టి సున్నా, 20, 25. మొత్తం 85 శాతం పోయింది. ఓడీ పాతికవేలు అనుకుంటే 21,250. తొమ్మిదివేల కోసం ఇరవైఒక్క వేలు. ఐడీవీ తగ్గుతుంది కాబట్టి నిజంగా ఇంత ఉండదు, అయినా తొమ్మిది వేలు దాటుతుంది.

అమ్మాయి: ఆ బోనస్ బండిది కాదు, నాది కదా?

మామయ్య: నీదే. బండి అమ్మేసి కొత్తది కొన్నా నీ వెంట వస్తుంది. సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల దాకా పనికొస్తుంది. పాలసీ అయిపోయి తొంభై రోజులు రెన్యూ చేయకపోతే మాత్రం పోతుంది.

ఈ దశలో నాకు ఒక అనుమానం వచ్చింది. ఇద్దరూ పెట్రోలు, ప్రీమియం అంటూ కొట్టుకుంటున్నారు, అసలు డబ్బు పోయేది వాటిలోనేనా? బండి విలువ ఎంత తగ్గుతుందో లెక్క వేయమన్నాను. ఐడీవీ పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటి అయిదో ఏడు నడుస్తున్న బండికి సగం కోత. 14 లక్షల బండి ఏడు లక్షలు, 9 లక్షల బండి నాలుగున్నర లక్షలు పోగొట్టుకుంటుంది. తేడా రెండున్నర లక్షలు. పెట్రోలు తేడా లక్షా ముప్పైమూడు వేలు. ఓడీ తేడా డిస్కౌంట్లు పోగా అంతకన్నా చాలా తక్కువ. షోరూంలో మొదట అడిగేది మైలేజీ. ఎవరూ అడగనిది పడిపోయే విలువ. నా మాట ఇద్దరికీ రుచించలేదు.

మామయ్య: మీరన్నది కాగితం మీద విలువ. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో వేరుగా ఉంటుంది. అయినా నాకు పనికొచ్చే మాటే చెప్పారు. చూడమ్మా, ప్రభుత్వం కూడా నా పక్షమే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండికి జీఎస్టీ 18 శాతం. డిజైర్ 3,995 మిల్లీమీటర్లు, లోపలే ఉంది. నీ వర్టస్ నాలుగున్నర మీటర్లు దాటింది. నలభై శాతం.

అమ్మాయి: (కాసేపు ఫోన్ చూసి) అయితే మీ నియమాలతోనే ఆడతాను. ఐ20 ఎన్ లైన్. పొడవు 3,995. ఇంజిన్ 998 సీసీ. బలం 120 పీఎస్. వర్టస్ ఒక లీటరు కన్నా అయిదు ఎక్కువ. జీఎస్టీ 18 శాతం. థర్డ్ పార్టీలో అట్టడుగు గట్టు, 2,094. ఓడీలో 3.127 శాతం. ఖరీదు వర్టస్ కన్నా తక్కువ కాబట్టి ఐడీవీ తక్కువ, పడిపోయే విలువా తక్కువ. మీరు చెప్పిన ప్రతి గీతకీ లోపలే ఉంది.

మామయ్య: టైరు?

అమ్మాయి: 195/55 ఆర్16.

మామయ్య: ఫొటోలోది.

అమ్మాయి: ఫొటోలోదే. టైరు కవర్ తీసుకుంటాను.

మామయ్య: వర్టస్ మీద అంత మోజుపడి ఇంత తేలిగ్గా వదిలేశావే?

అమ్మాయి: నాకు కావలసింది బండి పేరు కాదు మామయ్యా. హైవే ఎక్కితే కాలికి జవాబు చెప్పాలి, స్టీరింగ్ చేతికి బరువుగా తగలాలి, మాన్యువల్ గేర్లు ఉండాలి. పెద్ద డిక్కీతో నాకేం పని? ఒక్కదాన్నే తిరిగేది.

మామయ్య: మైలేజీ డిజైర్ అంత రాదు. అది మాత్రం మారలేదు.

అమ్మాయి: మారలేదు. ఏడాదికి పాతికవేల చిల్లర నేను కట్టుకుంటాను. అది నా లెక్క.

ఆయన కాగితం తీసుకుని కొటేషన్ అడిగేటప్పుడు చూడాల్సినవి చెప్పడం మొదలుపెట్టారు. అంటే ఒప్పుకున్నారని కాదు. ఓడిపోయేది ఉంటే క్లెయిమ్ కాగితాలైనా సరిగ్గా ఉండాలని ఆయన పట్టుదల. షోరూం వాళ్లు ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలంటారు, అలాంటి నియమం లేదు, బయట రెండు మూడు కంపెనీల దగ్గర అడిగి పోల్చుకోమన్నారు. ప్రీమియం తక్కువ కనబడాలని ఐడీవీ తగ్గించి చూపిస్తారు, దానికి లొంగొద్దన్నారు. బండి పోయినా, రిపేరు ఐడీవీలో 75 శాతం దాటి టోటల్ లాస్ రాసినా వచ్చేది ఆ అంకే. బంపర్ టు బంపర్ ఏడాదికి ఎన్ని క్లెయిములకో చదవమన్నారు. తాళంచెవి కవర్ కొట్టేశారు. అమ్మాయి దాన్ని మళ్లీ రాసింది, ఆ తాళం ఖరీదు ఎంతో మీకు తెలీదంటూ.

మామయ్య: ఇంకొకటి. కంపెనీ ఫిట్టింగు కానిది ఏం తగిలించినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పాలి. ఎగ్జాస్టు గానీ, ఇంకేమన్నా గానీ. ముఖ్యంగా ఆ ఈసీయూ రీమ్యాపులు. లాప్‌టాప్ తగిలించి 120 గుర్రాల్ని నూటనలభై చేస్తామంటారు. వారంటీ పోతుంది. చెప్పకుండా చేయించి ప్రమాదం చేస్తే, రీమ్యాపుకీ ప్రమాదానికీ సంబంధం లేదని నిరూపించుకోవడానికి నీ ఏడాది గడిచిపోతుంది. వింటున్నావా?

అమ్మాయి: వింటున్నా.

మామయ్య: ఇందాకణ్నుంచి ప్రతి మాటకీ ఎదురు చెప్పావు. దీనికి ఒక్క మాటా అనలేదేం?

అమ్మాయి: రీమ్యాపు సంగతి నేనెత్తలేదు కదా మామయ్యా.

మామయ్య: ఎత్తలేదనే అడుగుతున్నా.